ఆ రాత్రి సంగతి రాయాలా, వద్దా?

తిరుపతి నుంచి ఒక పెద్దాయన రాసిన ఉత్తరం ఇది. వయసు డెబ్బై దాటింది. వాతావరణ పరిశీలకుడిగా ఉద్యోగంలో చేరి, బదిలీల మీద తీరమంతా తిరిగి, వాతావరణ సూచనలు తయారుచేసే అధికారిగా పదవీ విరమణ చేశారు. సొంతూరు చంద్రగిరి వైపు పల్లె. ఉత్తరంలో మనుషుల పేర్లు, ఊళ్లు, తేదీలు అన్నీ ఉన్నాయి. వాటిని తీసేసి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

2021 నవంబరు 18న శేషాచలం కొండల మీద కురిసిన వానకు అలిపిరి మెట్ల మీదుగా నీళ్లు ఉరికివచ్చి తిరుపతి వీధులు మునిగాయి. ఆ రాత్రి ఇరుగుపొరుగువాళ్లు ఈయన ఇంటికి వచ్చి "ఇంకెంతసేపు సార్?" అని అడిగారట. మామూలు రోజుల్లో "సార్ వాన పడుతుందన్నారంటే బట్టలు ఆరేసుకోవచ్చు" అని నవ్వేవాళ్లే. ఈయన ఫోనులో రాడార్ చిత్రం చూసి, వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటితేగానీ తెరిపి ఇవ్వదని చెప్పారు. తెల్లవారుజామున అది దాటింది. ఆ తర్వాత అటక మీది పెట్టె దింపి పాత డైరీలు బయటికి తీశారు. అప్పటినుంచి ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తున్నారు. రాత చక్కగా సాగుతూ వచ్చి, ఒక తుపాను రాత్రి దగ్గర ఆగిపోయింది.

ఆ రాత్రి ఈయన చార్టు మీద, అంటే వాతావరణ పటం మీద, అంకెలు వేసే చిన్న ఉద్యోగి. హెచ్చరిక రాయవలసిన సీనియర్ అధికారి పక్క బల్ల దగ్గర ఉన్నారు. సీనియర్ తన చిత్తుప్రతిలో దక్షిణాన ఉన్న ఒక తీరాన్ని కూడా చేర్చారు. అర్ధరాత్రి దాటాక పైనుంచి ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి ఆ వాక్యం కొట్టేశారు. తెల్లవారేసరికి తుపాను దారి మార్చుకుని, కొట్టేసిన ఆ తీరం మీదే విరుచుకుపడింది. ప్రాణాలు పోయాయి. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. విచారణలో సీనియర్‌కు శిక్ష ఏమీ పడలేదు గానీ, ఆయన ఇక సూచనల బల్ల దగ్గర కూర్చోనని చెప్పి లెక్కలు చూసే విభాగానికి మారిపోయారు. విశ్రాంత జీవితం చిత్తూరులో గడిపి, కొన్నేళ్ల కిందట కన్నుమూశారు. "కొట్టేసిన వాక్యం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, చూసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను" అని రాశారు.

సీనియర్ గారి కొడుకు "మా నాన్న పేరుతో సహా రాయండి, మచ్చ పోవాలి" అంటున్నారు. ఎనభై దాటిన తల్లి మాత్రం "వద్దు నాయనా, ఆయన పేరు ఇక ఎవరూ ఎత్తకుండా ఉంటే చాలు" అన్నారు. ఈ మాట ఫోనులో అన్నారు, కొడుకు పక్కనే ఉన్నారు. ఇక్కడ ఈయన భార్య రాతప్రతి చదివి, "ఆ ఇంటి కష్టానికి ఇన్ని పేజీలు పెట్టారు, అప్పుడు మన ఇల్లు ఎలా ఉందో ఒక్క ముక్క ఉందా?" అని పక్కన పడేశారు. అదే తుపాను రోజుల్లో వీళ్ల పెద్దబ్బాయి జ్వరం ముదిరి ఆసుపత్రిలో ఉన్నాడు. మనవడికి ఈ గొడవలేవీ పట్టవు. తుపాను కథలు చెబితే వీడియోలు తీస్తానంటున్నాడు.

"రాయడం మానేయాలా? పేరు తీసేసి రాయాలా? ఆవిడ తదనంతరం అచ్చు వేయాలా? నా బాధ్యత పోయినవారికా, ఉన్నవారికా?" ఇవీ ఆయన ప్రశ్నలు.

అయ్యా,

మీ ఉత్తరంలో రెండు పనులు కలగలిసిపోయాయి. ఒకటి, జీవితమంతా చేసిన ఉద్యోగం గురించి చెప్పడం. రెండోది, ఒక రాత్రికి తీర్పు రాయడం. మొదటిదానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. రెండోది మీ ఒక్కరి సొత్తు కాదు. రెండోది తేలలేదని మొదటిది ఆపేశారు చూడండి, అది నాకు నచ్చలేదు.

మొదటిదాని గురించే ముందు మాట్లాడతాను, ఎందుకంటే దాని విలువ మీకే తెలిసినట్టు లేదు. మాటవరసకు రాసి వదిలేసిన వాక్యాల దగ్గర నేను ఆగిపోయాను. రాత్రి 2.30కు టార్చి పట్టుకుని వెళ్లి, రెక్కల తలుపుల తెల్ల చెక్కపెట్టెలోని ఉష్ణమాపకాలు చదవడం. పైగాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి హైడ్రోజన్ బుడగకు కొవ్వొత్తి లాంతరు వేలాడదీసి వదలడం, అది చుక్కల్లో కలిసిపోయేదాకా థియోడొలైట్ అనే కోణాలు కొలిచే దుర్భిణితో నిమిషానికోసారి కొలతలు తీయడం. టెలిప్రింటర్ మీద అయిదేసి అంకెల గుంపులుగా వచ్చే సంకేతాలను విప్పి, చార్టులో ఒక్కో ఊరి చుట్టూ గాలి, మబ్బు, పీడనం గుర్తులు నలుపు, ఎరుపు సిరాలతో వేయడం. అధికారి వచ్చి పెన్సిలుతో ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే సమభార రేఖలు గీసి, చెరిపి, మళ్లీ గీస్తుంటే ఊపిరి బిగబట్టి చూడటం. ఈ పనులు చేతులతో చేసిన తరం వెళ్లిపోతోంది.

ఇన్‌శాట్-1బి 1983లో పైకి వెళ్లేదాకా బంగాళాఖాతాన్ని నిలకడగా కనిపెట్టి చూసే సొంత ఉపగ్రహం మనకు లేదు. సముద్రం మీది సమాచారమంటే ముఖ్యంగా ఓడలు పంపేదే. తుపాను ఉందని తెలిస్తే ఏ ఓడా అటు పోదు. అంటే సమాచారం ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే చార్టు ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ చుట్టూ పెన్సిలు తిప్పి, రేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేయాలో తేల్చిన మనుషుల సంగతి మీ మనవడికి ఎవరు చెబుతారు? వానతో పాటు గాలి వేగాన్నీ పసిగట్టే డాప్లర్ రాడార్ మన దేశంలో మొదటిసారి చెన్నైలో పెట్టింది 2002లో. మన సముద్రాల తుపానులకు పేర్లు పెట్టడం మొదలైంది 2004లో. మీ ఉద్యోగ కాలంలో చాలాభాగం తుపానుకు పేరే లేదు, ఏడాదితోనూ దాటిన ఊరితోనూ గుర్తుపెట్టుకున్నారు. తిరుపతికి దగ్గర్లోనే గాదంకిలో 1024 యాంటెనాలు నేలంతా పరుచుకున్న రాడార్ ఉంది, తల మీద కిలోమీటర్ల ఎత్తుదాకా గాలి కదలికను అది కొలుస్తుంది. అక్కడ పనిచేసే కుర్రవాళ్లకు కొవ్వొత్తి బుడగ సంగతి చెప్పి చూడండి, కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

మీ అన్నగారు ట్రంకాల్ చేసిన ముచ్చట మొత్తం ఉత్తరంలోకీ నాకు బాగా నచ్చింది. వేరుశనగ పీకమంటావా, నాలుగు రోజులు ఆగమంటావా అని ఆయన అడిగితే, "రేడియోలో ఊరందరికీ చెప్పిందే నీకూ చెప్పగలను" అన్నారు మీరు. ఆయన పీకించారు. పీకిన చెట్టు చేలోనే ఉండగా వాన పట్టుకుంది, కాయ మొలకెత్తింది, మేత కుళ్లింది. ఏడాదిపాటు అన్నదమ్ములకు మాటల్లేవు. మీరు దీన్ని నాలుగు వాక్యాల్లో ముగించారు. నేనైతే పదిపేజీలు రాయమంటాను. పొలం ఉన్న ప్రతి ఇంటికీ ఈ బాధ తెలుసు, అవతలి వైపున ఉన్నవాడి బాధ మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు. జిల్లా మొత్తానికి కలిపి చెప్పే సూచనను ఒక మనిషి తన రెండెకరాలకు అన్వయించుకోవాలి. ఆ అన్వయం తప్పితే తిట్లు మాత్రం మీకు.

వీధిలోవాళ్ల వెటకారానికి జవాబు కూడా ఈ భాగంలోనే చెప్పవచ్చు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అధికారిక లెక్కలోనే దాదాపు 10,000 మంది పోయారు. 1990 మేలో ఆ పక్క తీరం మీదికే మరో తీవ్రమైన తుపాను వస్తే మృతులు వెయ్యిలోపు. తుపాను కనికరించలేదు, జనాన్ని ముందే ఖాళీ చేయించారు. ఖాళీ చేయించాలంటే అంతకుముందు ఎవరో ఒకరు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. రాని వాన గురించి చెబితే పదేళ్లు గుర్తుపెట్టుకుని నవ్వుతారు. ముందురోజు లారీ ఎక్కి బతికిపోయినవాడు మాత్రం ఆ సంతకం పెట్టింది ఎవరని ఎన్నడూ అడగడు.

ఇక ఆ రాత్రి. ఆ భాగాన్ని మళ్లీ మళ్లీ చదివాను. మీరు కళ్లతో చూసింది ఇంత: చిత్తుప్రతిలో వాక్యం ఉంది, ఫోను మోగింది, సీనియర్ వచ్చి వాక్యం కొట్టేశారు. మీరు విననిది ఫోనులో అవతలివారు ఏమన్నారన్నది. "పైనుంచి ఒత్తిడి పెట్టి తీయించారు" అని రాశారే, అది మీ ఊహ. బలమైన ఊహే కావచ్చు. కానీ అవతలివారు వేరే కేంద్రం నుంచి వచ్చిన కొత్త కొలత చెప్పి ఉండవచ్చు, ఉత్తరాన పీడనం వేగంగా పడిపోతోందని చెప్పి ఉండవచ్చు, అది విని సీనియరే మనసు మార్చుకుని ఉండవచ్చు. దక్షిణ తీరం నుంచి రావలసిన సందేశాలు ఆ రాత్రి 9 తర్వాత ఆగిపోయాయని మీరే రాశారు. రాని సందేశం ఎటువైపు సాక్ష్యం చెబుతుంది? తీరమంతా హెచ్చరిస్తే పోయేదేముందని ఇప్పుడు అనిపించవచ్చు. ప్రతిసారీ తీరమంతా హెచ్చరిస్తే మూడోసారి జనం కదలరని మీకు నాకన్నా బాగా తెలుసు.

ఇంకో సంగతి. డైరీలో ఆ రోజు పేజీ నుంచి మీరు ఎత్తి రాసిన వాక్యాలు రెండే: "సీనియర్ గారు బాగా అలసిపోయారు. టీ తెప్పించాను." కొట్టేసిన వాక్యం గురించి ఆ పేజీలో లేదని మీరే దాచకుండా చెప్పారు. అంటే అది మీ జ్ఞాపకంలో ఉంది, కాగితం మీద లేదు. జ్ఞాపకం అబద్ధమని అనను. చదివేవారికి మాత్రం ఆ తేడా చెప్పి తీరాలి.

అందుకని రాయదలిస్తే ఒక నియమం పెట్టుకోండి. ఆ గంటకు బల్ల మీద ఏమున్నదో అది వేరుగా రాయండి. తెల్లవారాక తెలిసింది వేరుగా. ఆ తర్వాత విచారణలో, క్యాంటీన్‌లో, పెళ్లిపందిళ్లలో విన్నది ఇంకా వేరుగా. తుపాను ఎటు పోయిందో తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే చార్టులో ప్రతి అంకె అటే వేలు చూపిస్తున్నట్టు కనిపిస్తుంది. జవాబు తెలిసిన లెక్క సులువుగా కనిపించినట్టే అది. సీనియర్ గారిని తిట్టిన పత్రికలు చేసింది ఆ పనే. ఆయనను కాపాడబోయి మీరూ అదే చేస్తున్నారేమో చూసుకోండి. "ఆయనకు ముందే తెలుసు, చెప్పనివ్వలేదు" అనడం కూడా తెల్లవారాక తెలిసినదాన్ని రాత్రిలోకి తీసుకుపోవడమే.

మచ్చ పోవడం గురించి. ఇంగ్లండులో మైకేల్ ఫిష్ అనే ఆయన బీబీసీలో ఏళ్లతరబడి వాతావరణం చెప్పారు. 1987 అక్టోబరు 15న, పెనుతుపాను వస్తోందట కదా అని ఒకావిడ ఫోను చేసి అడిగారనీ, అలాంటిదేమీ లేదనీ టీవీలో నవ్వుతూ చెప్పారు. ఆ రాత్రే దక్షిణ ఇంగ్లండును పెనుగాలి ఊడ్చేసింది, బ్రిటన్‌లో 18 మంది చనిపోయారు. తాను అన్నది అట్లాంటిక్ అవతలి మరో తుపాను గురించని ఆయన ఎన్నిసార్లు చెప్పుకున్నా, జనానికి గుర్తున్నది ఆ కొద్ది సెకన్లే. వివరణ ఇచ్చినప్పుడల్లా ఆ ముక్క మళ్లీ చూపిస్తారు. మీ సీనియర్ గారి భార్యకు ఈయనెవరో తెలియకపోవచ్చు, కానీ ఆమె భయం ఇదేనని నా అనుమానం. ఇవాళ ఆ తుపాను మాట వస్తే సీనియర్ గారిని తలుచుకునేవాళ్లు పిడికెడుమంది. ఆయన తప్పు లేదని మీరు ఎంత గట్టిగా రాసినా, కొత్తగా చదివేవాడికి ముందు తెలిసేది ఆరోపణే.

కొడుకు వైపు కూడా చరిత్రలో సాక్ష్యం ఉంది. ప్రజల కోసం పత్రికలో రోజువారీ వాతావరణ సూచనలు మొదలుపెట్టినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, 1861లో, లండన్‌లో. తప్పినప్పుడల్లా ఎగతాళి చేశారు, శాస్త్రజ్ఞులు చిన్నచూపు చూశారు. ఆయన 1865లో పోయారు, మరుసటి ఏడాది సూచనలు ఆపేశారు. 2002లో బ్రిటన్ సముద్ర వాతావరణ ప్రసారాల్లో ఒక సముద్ర భాగానికి ఆయన పేరే పెట్టారు. ఆయన చేసిన పని కాగితం మీద మిగిలింది కాబట్టే తర్వాతివాళ్లు చూడగలిగారు. కాకపోతే అందుకు నూరేళ్లు పైన పట్టింది. చిత్తూరులో ఉన్న అబ్బాయికి అంత ఓపిక ఉందనుకోను.

ఇప్పుడు మీరు చెప్పిన దారులు చూద్దాం. పేరుతో సహా రాస్తే అబ్బాయికి ఊరట. ఆమె మాట తోసేసినవారవుతారు. ఫోను చేసిన పై అధికారి కూడా పోయారన్నారు, ఆయనకూ పిల్లలు ఉంటారు. మీరు వినని సంభాషణ వాళ్లింట్లో నేరారోపణ అవుతుంది. అప్పుడు ఆ ఇంటి నుంచి ఇంకో కొడుకు బయల్దేరతాడు, మా నాన్న మచ్చ పోవాలని.

పేరు తీసేసి రాయడం వైపు మీరు మొగ్గుతున్నట్టుంది. నా దృష్టిలో అన్నిటికన్నా పనికిరాని దారి అదే. మీ ఉద్యోగ ప్రపంచం చిన్నది. ఏ తుపానో, ఏ తీరమో రాయగానే ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో పాతవాళ్లందరికీ తెలిసిపోతుంది. కొడుక్కి తృప్తి ఉండదు, తల్లికి మరుగూ ఉండదు. ఏడాదీ తీరమూ కూడా తీసేస్తే అది కథ అవుతుంది, సాక్ష్యం కాదు. కథ రాయడం గౌరవమైన పనే. రాస్తే నిజంగా కథే రాయండి, సగం ముసుగు వేసిన వాంగ్మూలం వద్దు.

ఆవిడ తదనంతరం అన్నది నాకు మనసొప్పదు. ఒక వృద్ధురాలు ఎప్పుడు పోతారా అని బల్ల సొరుగులో ఎదురుచూసే రాతప్రతి ఏం రాతప్రతి? పైగా మీకూ డెబ్బై దాటాయి, ఎవరు ముందో ఎవరికి తెలుసు. దీనికే కాస్త మెరుగైన రూపం ఒకటుంది. పుస్తకం సంగతి పక్కన పెట్టి, ఆ రాత్రి చూసింది చూసినట్టు, విననిది విననట్టు నాలుగు పేజీలు రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఆ కుటుంబానికి ఇవ్వండి. ఏం చేసుకోవాలో తల్లీకొడుకులు తేల్చుకుంటారు, సాక్షిగా మీ పని తీరుతుంది. అయితే ఇచ్చిన క్షణం నుంచి ఆ కాగితం మీ చేతుల్లో ఉండదు. అబ్బాయి మర్నాడే పత్రిక ఆఫీసుకు వెళ్లవచ్చు. ఆ సంగతి ఒప్పుకుంటేనే ఇవ్వండి.

ఏ దారి పట్టినా ముందు చేయవలసిన పని ఒకటి మిగిలిపోయింది. ఆమెతో మీరు ఇంతవరకూ సరిగా మాట్లాడనే లేదు. కొడుకు పక్కన ఉండగా ఫోనులో "వదినగారూ, రాయమంటారా?" అని అడిగితే వద్దనక ఏమంటారు? ఆ "వద్దు" మీకు చెప్పిందా, కొడుక్కి చెప్పిందా? మచ్చ మచ్చ అంటూ కొడుకు బతుకంతా దాని చుట్టూ తిరుగుతాడని బెంగ కావచ్చు. ఇంకొకటి ఆలోచించండి. కొట్టేసిన వాక్యం సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదని రాశారు. భార్యకు చెప్పలేదని మీకెలా తెలుసు? మీరు వినని ఫోను సంభాషణ ఆమె ఏనాడో విని ఉండవచ్చు. అది మీ ఊహకు పూర్తి వ్యతిరేకంగానూ ఉండవచ్చు. అచ్చయ్యాక కన్నా ఇప్పుడు తెలుసుకోవడం మేలు.

మీ భార్య గురించి కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమనుకోకండి. సీనియర్ గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆమె గురించి నాలుగు వాక్యాలు, అందులో ఒకటి "ఆవిడకు ఇవన్నీ పట్టవు" అని. పట్టనిదైతే రాతప్రతి మొత్తం ఎందుకు చదివారు? ఊరందరికీ ఇల్లు కదలవద్దని చెప్పే ఉద్యోగి సరిగ్గా ఆ రోజే ఇల్లు వదిలి వెళ్లాలి. చంటిబిడ్డతో ఆసుపత్రిలో ఉన్న ఆమెకు తుపాను ఎక్కడ ఉందో రేడియో చెబుతూనే ఉంది, భర్త ఎప్పుడు వస్తాడో మాత్రం ఏ బులెటిన్‌లోనూ లేదు. అబ్బాయికి నయమై, ఇవాళ బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు కాబట్టి "చివరికి ఏమీ కాలేదు కదా" అని మీరు రాశారు. ఆ గంటకు ఆమెకు అది తెలియదు. సీనియర్ గారి విషయంలో పత్రికలు పాటించలేదని మీరు బాధపడుతున్న న్యాయాన్నే ఆమె మీ దగ్గర అడుగుతున్నారు.

అలాగని "నా అర్ధాంగి త్యాగం" అని రెండు పేజీలు పొగిడి రాసేరు! ఆమె అడిగింది అది కాదు. ఆ రోజుల్లో ఏం జరిగిందో కూర్చుని అడగండి, మధ్యలో సర్దిచెప్పకండి. ఒప్పుకుంటే ఆమె మాటల్లోనే రాయండి, లేదా కలం ఆమె చేతికే ఇవ్వండి. చెప్పాక పుస్తకంలో వద్దంటే మానేయండి. ఎన్ని బదిలీలకు ఎన్ని పెట్టెలు కట్టారో, పిల్లల్ని ఎన్ని బళ్లలో చేర్పించారో మీ డైరీలో దొరకదు, అది ఆమె లెక్క.

మనవడి వీడియోలకు నా అభ్యంతరం లేదు. లాంతరు బుడగలూ, వేరుశనగ గొడవా కెమెరా ముందు చెప్పండి. ఆ రాత్రి మాత్రం వద్దు. నోటి మాటను తర్వాత దిద్దలేరు, దానికి కుర్రవాడు పెట్టే శీర్షిక ఎలా ఉంటుందో మీరూ నేనూ ఊహించగలం. కాగితాల సంగతి: డైరీ మీ సొంతం, కార్యాలయపు చార్టులూ లాగ్ పుస్తకాల నకళ్లూ ఇంట్లో ఉంటే వాటిని అచ్చు వేయకండి. విచారణ నివేదిక కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. అంత పాతది దొరుకుతుందన్న భరోసా లేదు, అడిగితే పోయేదీ లేదు. ఎవరి మీదనైనా నింద పడే వాక్యం ఉంటే ఒక న్యాయవాదికి చూపించండి.

పోయినవారికా, ఉన్నవారికా అని అడిగారు. పోయినవారంటే మీ మనసులో సీనియర్ గారే ఉన్నారు. ఆ తీరం పల్లెల్లో పోయినవారికి మీ ఉత్తరంలో దక్కింది ఒక్క వాక్యం. ఆ రాత్రి గురించి రాస్తే వాళ్లు కూడా అందులో ఉండాలి. హెచ్చరికలో ఆ వాక్యం ఉండి ఉంటే మాత్రం వాళ్లకు చేరేదా? ఆ ఊళ్లలో రేడియో ఉన్న ఇళ్లు ఎన్ని? రాత్రిపూట బయల్దేరితే వెళ్లడానికి దారి ఉందా, తలదాచుకోవడానికి ఎత్తయిన కట్టడం ఉందా? ఉపగ్రహం ద్వారా తీరప్రాంతపు కార్యాలయాలకు నేరుగా హెచ్చరిక వినిపించే యంత్రాలు వచ్చింది 1980ల్లో. అంతకుముందు మీ బల్ల మీది కాగితానికీ సముద్రం ఒడ్డున ఉన్న గుడిసెకూ మధ్య ఎన్ని చేతులు ఉండేవో మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆ చేతులన్నిటి గురించీ రాస్తే, ఒక వాక్యం ఎవరు కొట్టేశారన్న ప్రశ్న తన అసలు పరిమాణానికి వస్తుందని నాకు అనిపిస్తోంది. సీనియర్ గారికి అంతకన్నా మంచి సమర్థన ఉంటుందా అని కూడా అనిపిస్తోంది. ఆయన పేరు రాయకుండానే చాలావరకు ఆ పని చేయవచ్చు.

చిత్తూరుకు మీ భార్యతో కలిసి వెళ్లండి. అబ్బాయి వెనక వెళ్లినట్టు ఉండకూడదు, "మీ అమ్మగారితో విడిగా మాట్లాడాలి" అని అతనికే ముందు చెప్పండి. డైరీ, రాతప్రతి వెంట తీసుకుపోకండి, సంతకం పెట్టించుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది. రాయమంటారా అని మళ్లీ అడగకండి. సూచనల బల్ల వదిలేశాక ఆయన ఇంట్లో ఎలా ఉండేవారో అడగండి, తుపాను వార్త వస్తే రేడియో పెట్టేవారా, కట్టేసేవారా అని అడగండి. ఆమె ఎంత చెబితే అంత వినండి. అన్నీ మాట్లాడుకున్నాక కూడా వద్దనే అంటే, ఆ మాట అబ్బాయికి మీరే చెప్పండి, ఆమె చేత చెప్పించకండి.